కావాలని గుద్దితే 10 సెకన్లేనా?

పటమట, విజయవాడ:
2025 స్పెయిన్ ఫార్ములా 1 కార్ల రేసు ఫ్రెండ్ రూంలో ఆరుగురం కూర్చుని చూశాం. వెనకున్న వేరే టీం డ్రైవర్ రస్సెల్‌కు ప్లేస్ ఇచ్చెయ్యమని వెర్‌స్టాపెన్‌కు అతని ఇంజినీర్ రేడియోలో చెప్పాడు. వెర్‌స్టాపెన్ స్లో అయ్యాడు. దారి ఇచ్చినట్టే ఇచ్చి, మళ్లీ తొక్కి రస్సెల్ కారును పక్కనుంచి గుద్దాడు. రూంలో ఒక్కరికీ నోట మాట రాలేదు. దానికి రేసు టైముకు కలిపింది 10 సెకన్లు, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు! నల్లజెండా చూపించి అప్పుడే దింపేయాల్సింది. టీం ఆర్డర్స్ (సొంత టీం డ్రైవర్‌కే దారి వదలమని టీం చెప్పడం) అంటారా, అవి వేరు. అదే ఏడాది మోంజాలో టీం చెప్తే పియాస్ట్రి రెండో స్థానం నోరిస్‌కు వదిలేశాడు. మనకు నచ్చదు, అంతే. ఎవరి ప్రాణం మీదకీ రాలేదు.

బ్రాడీపేట, గుంటూరు:
అన్నా, ఆ 10 సెకన్లు తక్కువేం కాదు. ఐదో స్థానం కాస్తా పదికి పడింది, 9 పాయింట్లు పోయాయి. సీజన్ చివర్లో వెర్‌స్టాపెన్‌కు టైటిల్ పోయింది 2 పాయింట్లతో, నోరిస్ 423, ఇతను 421. ఇంకేం శిక్ష కావాలి? నన్నడిగితే టీం ఆర్డర్సే పెద్ద మోసం. 2002 ఆస్ట్రియాలో రేసంతా ముందున్న ఫెరారీ డ్రైవర్ బారికెల్లో ముగింపు గీత దగ్గర తన టీం వాడే అయిన షూమాకర్‌కు దారి వదిలితే స్టాండ్స్‌లో జనం అరిచి గోల చేశారు. దాంతో టీం ఆర్డర్స్ మీద నిషేధం పెట్టారు. అయినా 2010లో ఫెరారీ వాళ్లు మస్సాకు ‘ఫెర్నాండో (అలొన్సో) నీకంటే స్పీడుగా ఉన్నాడు’ అని చెప్పి దారి వదిలించారు. ఫెరారీకి లక్ష డాలర్ల ఫైన్, గెలుపు మాత్రం అలొన్సోదే. 2011కి నిషేధమే ఎత్తేశారు.

పటమట:
తమ్ముడూ, స్పెయిన్‌లో సేఫ్టీ కార్ (ట్రాక్ మీద ఇబ్బంది వస్తే ముందుకొచ్చి అందర్నీ నెమ్మదిగా నడిపించే కారు) తర్వాత కార్లన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి అన్ని స్థానాలు పోయాయి. వెనక అరనిమిషం ఖాళీ ఉంటే ఒక్కటీ పోయేది కాదు. 2017 బాకూ గుర్తుందా? సేఫ్టీ కార్ వెనక హామిల్టన్‌ను గుద్దిన వెట్టెల్‌కు 10 సెకన్ల స్టాప్ అండ్ గో (పిట్‌లోకి వచ్చి అంతసేపు ఆగి వెళ్లడం) వేశారు. అయినా వెట్టెల్ నాలుగు, హామిల్టన్ ఐదు. తప్పు ఒకటే, శిక్ష మాత్రం అదృష్టాన్ని బట్టా?

తెనాలి:
మీరిద్దరూ చెప్పేవి కలిసిపోయిన రేసు ఒకటుంది. 2015లో ఆస్ట్రియాలోనే, డీటీఎం అనే జర్మన్ కార్ల రేసు సిరీస్‌లో. ‘వాణ్ని బయటికి తోసెయ్’ అని ఆడి (Audi) కార్ల కంపెనీ రేసింగ్ బాస్ రేడియోలో అన్నాడు, వాళ్ల డ్రైవర్ షైడర్ ముందున్న కారును గుద్దాడు, రెండు కార్లు ట్రాక్ బయటపడ్డాయి. ఆడి కంపెనీకి 2 లక్షల యూరోల ఫైన్ పడింది.

బ్రాడీపేట:
అక్కడ రేడియో సాక్ష్యం ఉంది. లేనప్పుడు కావాలనే చేశాడని అప్పటికప్పుడు ఎలా తేలుస్తారు?

పటమట:
1997 హెరెజ్‌లో షూమాకర్ తన కారును ప్రత్యర్థి విల్నెవ్ మీదకు తిప్పితే స్టీవార్డ్‌లు (రేసు జడ్జిలు) ముందు మామూలు రేసింగ్ ఘటన అన్నారు. తర్వాత ఈ రేసుల్ని నడిపే ప్రపంచ సంస్థ ఎఫ్‌ఐఏ విచారించి, ఆ ఏడాది చాంపియన్‌షిప్‌లో అతని రెండో స్థానమే తీసేసింది. ఆ లెక్కన నువ్వన్నది నిజమే, నల్లజెండా మాట వెనక్కి తీసుకుంటున్నా. స్టీరింగ్, బ్రేక్ డేటా చూసి తీర్పు మర్నాడే ఇవ్వనీ. కానీ సెకన్లు వద్దు, ఆ రేసు పాయింట్లు మొత్తం పోవాలి.