అప్‌డేట్: ఆ ఫంక్షన్లు తీసేశాను

హనుమకొండలో చదువుకుంటూ ఒక చిన్న లినక్స్ ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను దాచి, తిరిగి అందించే కోడ్) రాస్తున్నానని, అందులో ఏ పనీ చేయకుండా సున్నా (అంటే 'అంతా సరే') తిరిగిచ్చే ఓపెన్ (ఫైల్ తెరిచేటప్పుడు నడిచేది), రిలీజ్ (చివర్లో మూసేటప్పుడు నడిచేది) ఫంక్షన్లు తీసేయొచ్చా అని పోయిన వారం అడిగాను కదా. తీసేశాను. ఓపెన్ ఉండాల్సిన చోట ఏ ఫంక్షనూ పెట్టకుండా ఖాళీగా వదిలేస్తే ఫైల్ తెరుచుకున్నట్టే కెర్నల్ (లినక్స్ అసలు గుండెకాయ) లెక్క వేసుకుంటుంది, ఇబ్బందేమీ రాలేదు.

అదే ఊపులో నేను రాసుకున్న ఎల్ఎల్‌సీక్ (ఫైల్‌లో చదివే చోటును ముందుకూ వెనక్కీ జరిపే ఫంక్షన్) కూడా లేపేశాను. దెబ్బ అక్కడే తగిలింది. టెస్టులో 'ఇల్లీగల్ సీక్' అని ఎర్రర్. రాత్రి 2 దాకా ఒకటే టెన్షన్. ఎల్ఎల్‌సీక్ చోటు ఖాళీగా ఉంటే ఆ ఫైల్‌లో సీక్ (అలా చోటు జరపడం) కుదరదనే అర్థమట! కెర్నల్‌లో ముందే ఉన్న జెనరిక్ ఫైల్ ఎల్ఎల్‌సీక్ అనే ఫంక్షన్ పేరు అక్కడ పెట్టాక సరిపోయింది.

'తీసేముందు ఆ ఫంక్షన్లను ఎక్కడెక్కడ పిలుస్తున్నావో గిట్ గ్రెప్‌తో (కోడ్ మొత్తంలో ఒక పేరును వెతికే కమాండ్) చూసుకో తమ్మీ' అని చెప్పిన అన్నకు చాలా థ్యాంక్స్. రిలీజ్‌ను ఇంకో ఫైల్లోనూ పిలుస్తున్నానని అలాగే దొరికింది.