11 మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోయినవాడు ఆ యూనివర్సిటీ మనిషేనా?

కేరీ నాన్న:
మేం ఉండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఒక పక్క డర్హమ్‌లో డ్యూక్, ఇంకో పక్క చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా యూనివర్సిటీ. కాలేజీ బాస్కెట్‌బాల్ సీజన్ వచ్చిందంటే మా వీధిలో తెలుగువాళ్ల ఇళ్లలో కూడా రెండు పార్టీలే. మొన్న ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర మాటామాటా పెరిగింది. అది ఇక్కడ పెడుతున్నాను.

డ్యూక్ నుంచి 2011లో కైరీ ఇర్వింగ్, 2019లో జయాన్ విలియమ్సన్, 2022లో పావ్లో బాంకెరో, 2025లో కూపర్ ఫ్లాగ్ ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఆటగాడిగా ఎంపికయ్యారు. నలుగురూ కాలేజీలో ఉన్నది ఒక్క ఏడాదే. కైరీ అయితే కాలి బొటనవేలి దెబ్బ వల్ల ఆడింది మొత్తం 11 మ్యాచ్‌లు. అయినా టీవీలో అతని పేరు వచ్చినప్పుడల్లా పక్కన డ్యూక్ ఉంటుంది.

మా అమ్మాయి ఇక్కడే ఇంకో యూనివర్సిటీలో మూడో సంవత్సరం. పార్ట్ టైమ్ పని చేసుకుంటూ, లోన్ తీసుకుని చదువుతోంది. రాత్రి ఒంటిగంటకు లైబ్రరీ నుంచి ఫోన్ చేస్తుంది. నాలుగేళ్లూ ఉండి, పరీక్షలన్నీ రాసి బయటికొచ్చే ఆ పిల్ల పేరు ఎవరికీ తెలీదు. చుట్టపు చూపుగా వచ్చి, మూట సర్దుకుని వెళ్లినవాడు మాత్రం యూనివర్సిటీకి ప్రతినిధి. ఇది నాకు మింగుడు పడటం లేదు. మీరేమంటారు?

కూకట్‌పల్లి పాత విద్యార్థి:
మీతో ఏకీభవిస్తున్నాను సార్. మన దగ్గర ఎంట్రన్స్ ర్యాంకులు వచ్చిన మర్నాడు హోర్డింగులు చూడండి. ఒకే పిల్లాడి ఫొటో రెండు మూడు సంస్థల బోర్డుల మీద ఉంటుంది. ఒకచోట రెండేళ్లు చదివి ఉంటాడు, ఇంకోచోట ఆఖరి నెల టెస్ట్ సిరీస్ రాసి ఉంటాడు. ఆ రెండోవాళ్లు కూడా "మా విద్యార్థి" అనే వేస్తారు. డ్యూక్ చేస్తున్నదీ అదే.

ఒకప్పటి టీఏ:
కేరీ నాన్నగారూ, మీ అమ్మాయి కష్టాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. కానీ మీ కోపం వెళ్లాల్సిన చోటికి వెళ్లడం లేదనిపిస్తోంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక చేసుకోండి.

నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ స్టాటిస్టిక్స్ కోర్సుకు టీఏగా, అంటే ప్రొఫెసర్‌కు సహాయంగా పాఠాలు చెప్పే మనిషిగా పనిచేశాను. పేరు వద్దు. నా సెక్షన్‌లో ఒక బాస్కెట్‌బాల్ అబ్బాయి ఉండేవాడు. కుర్చీకి బిగించిన చిన్న బల్ల కింద మోకాళ్లు పట్టేవి కావు. కుర్చీలో పక్కకి తిరిగి కూర్చుని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని రాసేవాడు. వేరే ఊళ్లో మ్యాచ్ ఆడి రాత్రి రెండింటికి దిగినా, పొద్దున ఎనిమిదిన్నర క్లాసులో ఉండేవాడు. స్టాండర్డ్ డీవియేషన్ ఎంత చెప్పినా ఎక్కకపోతే, తన ఫ్రీ త్రోల లెక్కే తీసి చూపించాను. ఠక్కున పట్టుకున్నాడు. మార్చిలో వాళ్ల జట్టు ఓడిపోయింది. ఆ తర్వాతి సోమవారం నుంచి కుర్చీ ఖాళీ. టర్మ్ అయ్యేదాకా మళ్లీ కనిపించలేదు. ఆ రోజుల్లో నాకూ అచ్చం మీలాగే ఒళ్లు మండింది.

తర్వాత అసలు ఈ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలుసుకున్నాను. కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏలోకి వెళ్లినవాళ్లే. 2005లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందంలో ఎన్‌బీఏ ఆ తలుపు మూసేసింది. 2006 డ్రాఫ్ట్ నుంచి, డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో పందొమ్మిదేళ్లు నిండాలి, హైస్కూల్ అయ్యాక ఒక ఏడాది గడవాలి. చాలామందికి ఆ ఏడాదే కాలేజీ. ఫాల్‌లో, అంటే మొదటి టర్మ్‌లో, కనీసం ఆరు క్రెడిట్లు (సుమారు రెండు కోర్సులు) పాసైతే స్ప్రింగ్‌లో, అంటే రెండో టర్మ్‌లో, ఆడనిస్తారు. ఏప్రిల్ మొదటి వారానికల్లా సీజన్ అయిపోతుంది. డ్రాఫ్ట్‌కు వెళ్లేవాడిని ఆ తర్వాత క్లాసులో కూర్చోబెట్టే నిబంధన ఏదీ లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఈ పద్ధతిని కనిపెట్టలేదు. ఎన్‌బీఏ ఒక గేటు పెట్టింది, యూనివర్సిటీలు ఆ గేటు దగ్గర షాపు తెరిచాయి.

లాభం ఎవరిదో కూడా చూడండి. 2010లో మార్చి టోర్నమెంటు (కాలేజీ జట్ల జాతీయ టోర్నమెంటు) టీవీ హక్కులకు 14 ఏళ్లకుగాను 1,080 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. 2021 జూలై దాకా ఆటగాడు తన సొంత పేరు మీద ఒక్క డాలరు సంపాదించుకున్నా అర్హత పోయేది. అతని నంబరున్న జెర్సీ మాత్రం క్యాంపస్ షాపులో వేలాడుతూ ఉండేది. ఆడినన్నాళ్లూ "మావాడు" అని అమ్ముకుని, వెళ్లాక "వాడు మావాడేనా" అని అడగడం న్యాయం కాదు.

ఇక ప్రాతినిధ్యం సంగతి. 2019 ఫిబ్రవరి 20న డ్యూక్, నార్త్ కరోలినా మ్యాచ్ మీరు చూసే ఉంటారు. ఆట మొదలై నిమిషం కాకముందే జయాన్ ఎడమ బూటు చిరిగిపోయి, పాదం బయటికొచ్చేసింది. కుడి మోకాలు బెణికింది. ఒబామా కూడా ఆ రోజు గ్యాలరీలో ఉన్నాడు. అప్పటికే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానం అతనిదేనని అందరూ అంటున్నారు. స్కాటీ పిపెన్ లాంటి పెద్ద ఆటగాడు ఆ జనవరిలోనే, ఇక ఆడకుండా ఒంటిని కాపాడుకొమ్మని చెప్పాడు. మోకాలు మళ్లీ దెబ్బతింటే కోట్లు పోతాయి. అయినా మార్చి 14న సిరక్యూజ్ మీద దిగాడు. పదమూడు షాట్లు వేస్తే పదమూడూ పడ్డాయి, 29 పాయింట్లు. డ్యూక్ ఉన్న కాన్ఫరెన్స్ (ఆ ప్రాంతపు కాలేజీల లీగ్) టైటిల్ గెలిచి, ఆ మార్చి పెద్ద టోర్నమెంటులో మిచిగన్ స్టేట్ మీద ఒక్క పాయింటు తేడాతో ఓడేదాకా ఆడాడు. చుట్టపు చూపుగా వచ్చినవాడు ఇంటికోసం అంత తెగించడు. ఎన్ని నెలలు ఉన్నాడన్నది నాకు రెండో ప్రశ్న. ఉన్నన్నాళ్లూ ఏమిచ్చాడన్నది మొదటిది.

చాపెల్ హిల్ పక్షం:
మా మైకేల్ జోర్డన్‌ను మరిచిపోకండి! 1982 ఫైనల్లో జార్జ్‌టౌన్ మీద గెలుపు షాట్ వేసినప్పుడు మొదటి సంవత్సరం కుర్రాడు. 1984లో మూడేళ్లకే వెళ్లిపోయాడు. ఆ తర్వాత తిరిగొచ్చి భూగోళశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశాడు. విన్స్ కార్టర్ కూడా మూడేళ్లకే వెళ్లినవాడు. 2001 మే 20 ఉదయం చాపెల్ హిల్‌లో గౌను వేసుకుని స్నాతకోత్సవానికి హాజరై, విమానమెక్కి ఫిలడెల్ఫియా వెళ్లి, ఎన్‌బీఏ ప్లేఆఫ్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్ ఆడాడు. ఆఖరి షాట్ పడలేదు, అతని జట్టు టొరాంటో 88-87తో ఓడింది. ఆ పూట పట్టా కోసం వెళ్లాడని ఎంతమంది తిట్టారో! చదువు మధ్యలో మానేశాడనీ తిడతారు, పూర్తి చేస్తే అదీ తప్పే అంటారు. ఇంకొకటి, త్వరగా వెళ్లిన ప్రతివాడూ చదువు వదిలేసినట్టు కాదు. కెంటకీ నుంచి 2010లో వెళ్లిన పాట్రిక్ పాటర్సన్ మూడేళ్లలోనే డిగ్రీ చేతపట్టుకుని వెళ్లాడు.

ఆస్టిన్ అమ్మ:
అమ్మాయిల ఊసు ఎవరూ ఎత్తరేం? డబ్ల్యూఎన్‌బీఏ (మహిళల లీగ్) డ్రాఫ్ట్‌కు ఇక్కడి అమ్మాయిలకు 22 ఏళ్లు రావాలి, లేదా నాలుగేళ్ల కాలేజీ అవ్వాలి. కెయిట్లిన్ క్లార్క్ అయోవాలో నాలుగేళ్లూ ఆడింది, 3,951 పాయింట్లు కొట్టింది. వెళ్లాక 2024లో ఆమె మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. అబ్బాయిల్లో మొదట ఎంపికైనవాడికి ఏడాదికే కోటి డాలర్లకు పైనే వస్తుంది. అమ్మాయిలకు విశ్వాసం ఎక్కువనీ, అబ్బాయిలకు తక్కువనీ నేను అనుకోను. బయట ఎదురుచూసే డబ్బు వేరు, గేటు దగ్గర పెట్టిన నిబంధన వేరు, అంతే. మా ఇంట్లోనే పెద్దాడికి చదువు మధ్యలో అంత జీతంతో ఉద్యోగం వస్తే, "డిగ్రీ అయ్యాకే వెళ్లు నాన్నా" అని గట్టిగా చెప్పగలనా? చెప్పలేను.

కేరీ నాన్న:
టీఏ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. జయాన్ విషయంలో ఒప్పుకుంటాను. మరి బెన్ సిమన్స్? 2015-16లో ఎల్ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఒక్క సీజన్. జట్టు పెద్ద టోర్నమెంటుకే వెళ్లలేదు. మార్కులు నిబంధనకు సరిపోక వుడెన్ అవార్డు (కాలేజీ ఉత్తమ ఆటగాడి అవార్డు) జాబితాలో కూడా పేరు లేకుండా పోయింది. అయినా 2016 డ్రాఫ్ట్‌లో మొదటివాడు. అతను కూడా ఎల్ఎస్‌యూకి ప్రతినిధేనంటారా?

కూకట్‌పల్లి పాత విద్యార్థి:
ఇప్పుడైతే నాలుగేళ్లున్నవాళ్లను కూడా నమ్మలేం సార్. ట్రాన్స్‌ఫర్ నిబంధనలు సడలించాక నాలుగేళ్లలో మూడు, నాలుగు కాలేజీలు మారేవాళ్లున్నారు. ఎవరి మనిషి అని రాయాలి? ఏళ్లు లెక్కపెడితే తేలేలా లేదని నాకూ అనిపిస్తోంది.

ఒకప్పటి టీఏ:
సిమన్స్ గురించి అడిగారు. దాటవేయను. కోర్టు మీద అతను ఆ సీజనంతా ఆడాడు, సగటున 19 పాయింట్లు, దాదాపు 12 రీబౌండ్లు. జట్టుకు అతను ప్రతినిధే. చదువుకు కాదు. ఈ రెంటినీ ఒక్క మాటలో కట్టేయడం వల్లే మన గొడవంతా. కేరీ నాన్నగారూ, ఆ యూనివర్సిటీ చదువుకు ప్రతినిధి ఎవరంటే మీ అమ్మాయే. ఆ చోటును ఏ ఆటగాడూ తీసుకోలేడు, ఇవ్వకూడదు కూడా.

అదే ఎల్ఎస్‌యూ నుంచి 1992లో మూడేళ్లకే వెళ్లిన షకీల్ ఓనీల్, అమ్మకిచ్చిన మాట కోసం 2000 డిసెంబర్‌లో డిగ్రీ తీసుకున్నాడు. ఆ రోజు తన ఎన్‌బీఏ జట్టు లేకర్స్ మ్యాచ్ కూడా మానుకున్నాడు. సిరక్యూజ్‌లో ఒక్క ఏడాది ఉండి 2003లో టైటిల్ తెచ్చిన కార్మెలో ఆంథొనీ, ప్రాక్టీస్ భవనం కోసం 30 లక్షల డాలర్లు ఇచ్చాడు. అందుకే నేను యూనివర్సిటీని ఒకటే అడుగుతాను: వెళ్లిన పిల్లాడు తిరిగొస్తే సీటు ఉంటుందా? స్కాలర్‌షిప్ ఉంటుందా? అతని ఫొటో గోడ మీద పెట్టుకునే హక్కు అలా ఉంచినవాళ్లకే ఉంది.

నా సెక్షన్ అబ్బాయి కథ కొంచెం మిగిలింది. అతను ఎన్‌బీఏ దాకా వెళ్లలేదు. విదేశాల్లో నాలుగైదు సీజన్లు ఆడి, మోకాలి ఆపరేషన్‌తో ఆపేశాడని విన్నాను. నేను డిపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోయాను. రెండేళ్ల కిందట ఆగస్టులో నా ఆఫీసు తలుపు దగ్గర వంగి నిలబడి, "మేడమ్, గుర్తున్నానా?" అన్నాడు. అప్పట్లో మార్చి దాకా చేసిన హోంవర్కుల మార్కులు కలుపుతారా అని అడిగాడు. కుదరదు, మొదటి వారం నుంచి మళ్లీ చేయాలని చెప్పాను. సరేనన్నాడు. పొడవాటి బల్లలున్న గదిలో ఏ సెక్షన్ పెట్టారని అడిగాడు. వెతికి చెప్పాను.