అప్‌డేట్: రిబ్‌చెస్టర్ రోమన్ కోట, కారు లేకుండా అమ్మానాన్నలతో వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న నాన్నగారితో, కారు లేకుండా, ఇంగ్లండ్‌లో లంకాషైర్‌లోని రిబ్‌చెస్టర్ ఊరికి వెళ్లగలమా, అక్కడ చూడటానికేమైనా మిగిలిందా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది టాక్సీ సలహానే. ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. బ్లాక్‌బర్న్ దాకా రైల్లో వెళ్లి, అక్కడ టాక్సీ ఎక్కాం. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి, లేకపోతే టెన్షనే.

హైకింగ్ బూట్లు, ఇంగ్లిష్ హెరిటేజ్ (పాత కట్టడాలను చూసుకునే సంస్థ) సభ్యత్వం కావాలని కొందరు అన్నారు, రెండూ అక్కర్లేదు. మ్యూజియం స్వతంత్ర ట్రస్టుది, టికెట్ అక్కడే కొనాలి. నడక కొంచెమే.

ఎత్తైన గోడలు ఆశించకండి. క్రీ.శ. 70ల్లో మొదట కలపతో కట్టిన కోట ఇది. కొంత చర్చి, శ్మశానం కిందే ఉంది, కొంత రిబుల్ నది కోసేసింది. మ్యూజియం వెనక ధాన్యాగారాల పునాదులు మాత్రం బాగా కనిపిస్తాయి. ధాన్యం చెమ్మెక్కకుండా నేలను ఎత్తులో కట్టేవారట. గుంటూరు జిల్లా రైతు కదా, నాన్నగారు అక్కణ్ణుంచి కదల్లేదు! ఊరి చివరి స్నానశాల శిథిలాలు ఉచితం, కానీ గడ్డి తడిగా ఉంటే జారుతుంది.

1796లో ఇక్కడ దొరికిన ప్రసిద్ధ శిరస్త్రాణం కోసమే వెళ్లేవాళ్లు గమనించండి: మనిషి ముఖంలాంటి ముసుగు, టోపీ నిండా పోరాడే సైనికుల బొమ్మలు, అన్నీ ఉన్నాయి గానీ ఇక్కడిది నకలు. అసలుది లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.