కస్టమర్ రాసే ప్యాటర్న్‌కి పీసీఆర్ఈ2 వాడొచ్చా?

గోడమీదపిల్లి: మాది లాగ్ సెర్చ్ సర్వీసు. ప్యాటర్న్ (రెజెక్స్, అంటే ఏం వెతకాలో చెప్పే నమూనా) టైప్ చేసేది కస్టమరే. దాన్ని వెతికిపెట్టే ఇంజిన్ పీసీఆర్ఈ2, జిట్ (వేగం కోసం ప్యాటర్న్‌ని అప్పటికప్పుడు మెషిన్ కోడ్‌గా మార్చడం) ఆన్. అది సీ లైబ్రరీ, మెమరీ హద్దుల్ని భాష కాయదు, తీసేసి రస్ట్ భాషలోని రెజెక్స్ లైబ్రరీ పెట్టాలని కొందరు. లిమిట్లు బిగిస్తే చాలని కొందరు. మీరేమంటారు?

సెగ్‌ఫాల్ట్‌శాస్త్రి: తీసేయండి. భద్రతా లోపాలకిచ్చే సీవీఈ నంబర్లే సాక్ష్యం: సీవీఈ-2022-1586, 1587 రెండూ జిట్ కంపైలర్‌లో బఫర్ హద్దు దాటి చదివే బగ్గులే, 10.40లో సరిచేశారు. పాత సంగతి అంటారా, సీవీఈ-2025-58050 చూడండి. 10.45లో కొత్తగా వచ్చిన స్కాన్ సబ్‌స్ట్రింగ్‌కి (దొరికిన ముక్కలోనే మళ్లీ వెతకడం) యాక్సెప్ట్ వెర్బ్ (మ్యాచ్‌ని అక్కడికక్కడే ముగించమనే ఆదేశం) తోడైతే మళ్లీ హద్దు దాటి చదవడమే. 10.46 దాకా ఆగాల్సి వచ్చింది.

బైట్లబేరం: శాస్త్రిగారూ, మారితే లుక్‌ఎరౌండ్ (ముందువెనకలు చూసి సరిపోల్చడం), బ్యాక్‌రిఫరెన్స్ (ముందు దొరికిన ముక్కనే మళ్లీ వెతకడం) రెండూ పోతాయి. కస్టమర్లు సేవ్ చేసుకున్న సెర్చ్‌ల గతేంటి? రస్ట్‌దీ మచ్చలేని చరిత్రేం కాదు. సీవీఈ-2022-24713లో ఖాళీ గ్రూపుకి భారీ రిపీట్ పెడితే సైజు లిమిట్ పట్టుకోలేకపోయింది, 1.5.5లో ఆపారు.

సెగ్‌ఫాల్ట్‌శాస్త్రి: అది సీపీయూని తినేస్తుంది, అంతే. పక్క కస్టమర్ డేటా బయటికి రాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

ఏటిగట్టు: ఇద్దరూ లైబ్రరీ బగ్గుల దగ్గరే ఆగిపోయారు. ముందు మీ కోడ్‌లో నో యూటీఎఫ్ చెక్ ఫ్లాగ్ (టెక్స్ట్ సరైన యూటీఎఫ్‌లో ఉందో లేదో చూడొద్దని చెప్పేది) ఉందేమో వెతకండి. స్పీడ్ కోసం చాలామంది పెట్టేస్తారు. లాగ్ లైన్‌ని 256 బైట్ల దగ్గర కోస్తున్నారనుకుందాం. యూటీఎఫ్-8లో తెలుగు ఒక్కో కోడ్‌పాయింట్ (యూనికోడ్ గుర్తు) 3 బైట్లు. లైనంతా తెలుగైతే 85 కోడ్‌పాయింట్లకి 255 బైట్లు పోగా, 86వ దాని మొదటి బైటు ఒంటరిగా మిగులుతుంది. ఫ్లాగ్ ఉంటే ఇంజిన్ ఆ బైటుని నమ్మి, మిగతా రెండూ బఫర్ అవతల నుంచి చదివేస్తుంది. ఇంగ్లీషు లైన్లతో టెస్ట్ చేస్తే జన్మలో దొరకదు! ఇది లైబ్రరీ తప్పు కూడా కాదు, డాక్యుమెంటేషన్‌లో హెచ్చరిక ఉంది. ఫ్లాగ్ తీసేయండి, లేదా 10.34 నుంచి ఉన్న, చెడిపోయిన బైట్లున్నా తట్టుకునే మ్యాచ్ ఇన్‌వ్యాలిడ్ యూటీఎఫ్ ఆప్షన్‌తో కంపైల్ చేయండి.

బైట్లబేరం: బాగా పట్టారు. నా మాట: జిట్ కంపైల్ కాల్ తీసేయండి, ఒక్క బైటునే పట్టే బ్యాక్‌స్లాష్ సీని నిషేధించండి, ప్యాటర్న్ పొడవు 1 కేబీకి కట్టేయండి. మ్యాచ్ లిమిట్ (ఎన్ని ప్రయత్నాల తర్వాత ఆపాలో) డిఫాల్ట్ 1 కోటి, దాన్ని 1 లక్షకి దించండి. హీప్ లిమిట్ (మ్యాచింగ్‌కి వాడే మెమరీ హద్దు) డిఫాల్ట్ సుమారు 20 జీబీ, అంటే లేనట్టే. 64 ఎంబీ చాలు. జిట్‌లో నడిస్తే హీప్ లిమిట్ అసలు వర్తించదు. ప్యాటర్న్ మొదట్లో కస్టమర్ సొంత లిమిట్ రాసినా తగ్గించగలడేగానీ పెంచలేడు. మ్యాచింగ్‌ని వేరే ప్రాసెస్‌లో పెట్టండి.

సెగ్‌ఫాల్ట్‌శాస్త్రి: వేరే ప్రాసెస్ అంటే సరే. కానీ ఒకే వర్కర్ ప్రాసెస్‌తో అందరి పనీ నడిపితే ముందు కస్టమర్ లాగ్ ముక్కలు అదే హీప్‌లో పడి ఉంటాయి. కస్టమర్‌కో వర్కర్ పెట్టగలరా? లేకపోతే నా ఓటు రస్ట్‌కే.