చేత్తో పెంచిన ఉడుతని బయటికి వదిలాక తిండి ఎన్నాళ్లు పెట్టాలి?

తెనాలి_పెరడు:
అందరికీ నమస్కారం. డిసెంబర్ మొదట్లో పక్కింటివాళ్లు కొబ్బరిచెట్టు మట్టలు కొట్టిస్తుంటే గూడుతో సహా ఒక ఉడుతపిల్ల మా పెరట్లో పడింది, అప్పటికి కళ్లు కూడా తెరవలేదు. తల్లి వస్తుందేమోనని సాయంత్రం దాకా బుట్టలో పెట్టి గోడ మీద ఉంచాం, రాలేదు. సూది తీసేసిన సిరంజితో మేకపాలు పట్టి ఎలాగోలా బతికించాను. ఇప్పుడు మూడు నెలలు నిండుతున్నాయి, పేరు చిట్టి. రెండు వారాలు పంజరాన్ని జామచెట్టు కొమ్మకి కట్టి ఉంచి, పోయిన ఆదివారం పొద్దున్న తలుపు తీశాను. పగలంతా చెట్టు మీదే, చీకటి పడేలోపు వచ్చి పంజరంలో పడుకుంటుంది.

చిక్కంతా తిండితోనే. పల్లీలు, బిస్కెట్ ముక్క తప్ప ఇంకేదీ ముట్టదు. చెట్టు నిండా కాయలున్నా నా భుజం మీదికి దూకి అరచెయ్యి వెతుక్కుంటుంది. ఆపేస్తే ఆకలేసి అదే తిండి చూసుకుంటుందని మా ఆయన అంటున్నారు. నిన్న ఒక పూట పెట్టకుండా చూశాను, కిటికీ ఊచ పట్టుకుని అరుస్తూనే ఉంది, ఇక నా వల్ల కాలేదు. ఎన్నాళ్లు పెట్టాలి, ఎలా తగ్గించాలి?

వైజాగ్_ఉడుతలమ్మ:
మీవారు చెప్పినట్టు మాత్రం చేయకండి. ఆపాల్సింది తిండి కాదు, చేతికివ్వడం. ఇప్పటికి ఐదు పిల్లల్ని ఇలా పంపించాను, మొదటిదాన్ని మీలాగే భుజం మీద కూర్చోబెట్టుకుని తినిపించాను, అది ఎదురింటాయన భుజం మీదికి కూడా అలాగే దూకింది, ఆయన అదిరిపడి విదిలించి కొట్టారు. బతికింది లెండి. మనిషంటే భయం లేని ఉడుత, పిల్లిని చూసి కూడా ఆలస్యంగానే పరిగెడుతుంది.

ఇవాళ్టి నుంచి తిండి పంజరంలోనే, రోజూ ఒకే చోట, ఒకే వేళకి. పొద్దున్న తలుపు దగ్గర ఆకూ కాయా మాత్రమే పెట్టండి, గింజలు సాయంత్రం అది తిరిగొచ్చే వేళకి. పొద్దున్నే పల్లీలతో కడుపు నిండితే ఇక చెట్టు వంక చూడదు. జామకాయ కోసి పెట్టొద్దు. రెమ్మతో సహా తెంచి పంజరం ఊచలకి కట్టండి, కొరికి తొక్క తీసుకోవడం దానికి అలా అలవాటవుతుంది. మునగపువ్వు దొరికితే గుత్తి గుత్తిగా పెట్టండి, మా దగ్గరికి వచ్చినవేవీ దాన్ని వద్దనలేదు. మునగాకు, చింతచిగురు, మర్రిపండు, రావిపండు, మందారమొగ్గ, నాటుబాదం కాయ... మీ వీధిలో ఏ చెట్టుంటే దానివే పెట్టండి, రేపు అది తినాల్సింది అవే కదా.

బిస్కెట్ ఇవాళే మానేయండి. పల్లీలు రోజుకి ఒకటో రెండో, అదీ వేయించినవి, ఉప్పు లేనివి. పచ్చివాటికి బూజు పట్టి ఉంటే మన కంటికి తెలియదు. గింజల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ, వాటి మీదే పెరిగితే ఎముకలు మెత్తబడతాయి. చిలకల పంజరంలో వేలాడదీస్తారే, ఆ తెల్లటి కటిల్ బోన్ ఒకటి కట్టండి, అదే గీక్కుంటుంది.

ఎన్నాళ్లు అంటే, నా వాటికి మూడు వారాలు పట్టింది, ఒకటి మాత్రం రెండు నెలలు వచ్చింది. లెక్క మనది కాదు, దానిది. పెట్టింది మిగలడం మొదలైతే తగ్గించండి. కిచెన్ స్కేలు ఉంటే, అది డబ్బాలోకి దూరినప్పుడు డబ్బాతో సహా తూచి డబ్బా బరువు తీసేయండి. పెద్ద ఉడుత వంద గ్రాముల అటూఇటూ ఉంటుంది. బరువు పడిపోతుంటే తగ్గించడం ఆపండి.

ఖమ్మం_రవి:
పైన ఎముకల గురించి చెప్పింది తేలిగ్గా తీసుకోకండి అక్కా. మేము పొద్దుతిరుగుడు గింజలు, పల్లీలే పెట్టాం, ఇష్టంగా తింటుంటే మాకూ సంతోషమేసేది. వదిలిన నాలుగో రోజుకి తిండి పూర్తిగా ఆపేశాం. వారం తర్వాత గోడ పక్కన దొరికింది, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ. డాక్టరు ఎక్స్‌రే తీసి కాల్షియం లేదన్నారు. నెలన్నర మందులు, ఎండ, అంతా చేశాం, నడిచింది గానీ ఎక్కలేకపోయింది. మీ చిట్టి దూరం దూకడానికి వెనకాడుతుందా, కాలు పక్కకి జారుతుందా అని రెండు రోజులు గమనించండి. అలా ఉంటే తలుపు మూసేసి ముందు డాక్టరుకి చూపించండి.

మియాపూర్_బాల్కనీ:
ఇంత అలవాటుపడిన దాన్ని పంపడమెందుకండీ, ఇంట్లోనే ఉంచేసుకోవచ్చుగా? పెరుగన్నం కూడా తింటుంది.

వైజాగ్_ఉడుతలమ్మ:
తినడం వేరు, పడటం వేరండీ. మా ఇంట్లో ఒకటి సబ్బు కూడా కొరికింది. పైగా అది అడవి ప్రాణి, పెద్దదయ్యాక చేతిని గట్టిగా కరుస్తుంది, దాని తప్పేం కాదు. రాముడు కూడా వీపు నిమిరాడు గానీ, పంజరంలో పెట్టుకోలేదు :)

తెనాలీ గారూ, ఇంకొక్కటి. పంజరం తలుపు బార్లా తెరిచి ఉంటే మీరు పెట్టేది కాకులకే. లోపల చెక్క డబ్బా పెట్టి దానికి రెండంగుళాల కన్నం చేయించండి, పిల్లి చెయ్యి పట్టినా పిల్లి పట్టదు, అందుకని డబ్బా లోతుగా ఉండాలి. ఎండలు వస్తున్నాయి, మట్టి మూకుడులో నీళ్లు మాత్రం తిండి ఆపేశాక కూడా పెట్టండి.

తెనాలి_పెరడు:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. మొదటి మూడు రోజులు నా మీద అలిగింది, నిజంగానే, డబ్బాలో వీపు తిప్పి కూర్చునేది. నాలుగో రోజు మునగపువ్వు గుత్తి రెండు చేతులతో పట్టుకుని, తొడిమ వదిలేసి రేకులన్నీ తినేసింది. కాళ్లు బాగానే ఉన్నాయి రవి గారూ, జామ మీంచి గోడకి, గోడ మీంచి కొబ్బరికి దూకుతోంది. సాయంత్రం పెట్టిన పల్లీ మొన్నటి నుంచి అలాగే ఉండిపోతోంది. నిన్న ఆరేసిన తువ్వాలు అంచు పీకి నోట్లో కుక్కుకుని పైకి పట్టుకెళ్లింది, రాత్రి డబ్బాలోకి రాలేదు. ఇవాళ పొద్దున్న కొబ్బరిమట్టల్లోంచి తోక ఆడిస్తూ నన్ను చూసి అరిచింది. మా ఆయన మాత్రం రోజూ ఆరింటికి మూకుడులో నీళ్లు మార్చి, కాసేపు అక్కడే నిలబడి వస్తున్నారు.