అప్‌డేట్: నాన్న కొన్న లూజు పత్తి విత్తనాల సంగతి

పది రోజుల క్రితం ఇక్కడ అడిగాను. ఊళ్లో ఒకాయన నాన్నకు బిల్లు లేకుండా మూడు ప్యాకెట్లు అమ్మాడు, "ఇది బీజీ-3, గడ్డి మందు కొట్టినా చేను చావదు" అన్నాడట, వేయొచ్చా అని. వద్దని చెప్పిన అందరికీ థ్యాంక్స్. వేయలేదు.

మా ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి చూపించాం. ఆయన రెండు గింజలు నలిపి, చిన్న గొట్టంలో నీళ్లు కలిపి, ఒక కాగితం పట్టీ ముంచారు. కాసేపటికి రెండో గీత తేలింది. కలుపు మందును తట్టుకునే రకమే. నాన్న ఆ పట్టీ వంకే చూస్తూ కూర్చున్నారు.

జన్యుమార్పిడి పంటలకు అనుమతి ఇవ్వాల్సింది కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉన్న జీఈఏసీ అనే కమిటీ. అది 2002లో బీటీ పత్తికి, 2006లో దాని రెండో తరమైన బీజీ-2కు ఒప్పుకుంది. రెండూ కాయ తొలిచే పురుగు కోసమే. గడ్డి మందు తట్టుకునే పత్తికి అనుమతి లేదు. పైగా గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని 2022లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అంటే విత్తనమూ తప్పే, మనం మందు కొట్టడమూ తప్పే.

నాన్నను తప్పు పట్టలేను. కలుపు తీయడానికి కూలీలు దొరక్క పోయినేడు ఎంత ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. ఆ కష్టం చూసే ఇలాంటివాళ్లు ఇళ్ల దగ్గరికి వస్తున్నారు.

ప్యాకెట్లు ఏఈవో గారికే అప్పగించాం. లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉన్న బీజీ-2 ప్యాకెట్లు బిల్లుతో తెచ్చుకున్నాం. అమ్మినాయన మాత్రం డబ్బు ఇంకా తిరిగివ్వలేదు.