టేప్ ఎకోను ‘మారుమోత’ అందామా?

ధ్వనిని టేపు మీద ఎక్కించి, కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే టేప్ ఎకోకు తెలుగు మాట ఏమిటని మొన్న ఒకరు అడిగితే, ఎక్కువమంది ‘ప్రతిధ్వని యంత్రం’ అన్నారు. నా ఓటు ‘మారుమోత’కు. పాత రీలు టేపురికార్డరుతో అలాంటిదొకటి అమర్చుకున్నాను. ఆ పని చేస్తుండగానే ఈ మాట మనసులో నాటుకుంది.

నా రికార్డరులో మూడు హెడ్లు వరుసగా ఉన్నాయి: పాతది చెరిపే ఎరేజ్ హెడ్, కొత్తది ఎక్కించే రికార్డ్ హెడ్, దాన్ని వినిపించే ప్లేబ్యాక్ హెడ్. చివరి రెండింటి మధ్య ఎడం 5 సెంటీమీటర్లు. టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి, మైకులో అన్న మాట పావు సెకను ఆలస్యంగా వినబడుతుంది. వేగం సగం చేస్తే ఆలస్యం అర సెకను. పావు సెకనులో ధ్వని గాలిలో దాదాపు 86 మీటర్లు పోతుంది. అంటే 43 మీటర్ల అవతలి కొండను తాకి తిరిగి రావడమన్నమాట. అంత కొండా నా బల్ల మీద ఐదు సెంటీమీటర్ల టేపులో ఇమిడిపోయింది! 1950లలో అమెరికాలో మెంఫిస్‌లోని సన్ రికార్డింగ్ స్టూడియోలో దాని యజమాని శామ్ ఫిలిప్స్ ఆంపెక్స్ టేపు యంత్రాలతో పాటలకు ఒక్కసారి తగిలి వచ్చే ఎకోను తెచ్చింది కూడా ఇలాంటి ఆలస్యంతోనే.

టేపు రెండు కొసలూ అతికి చుట్టుగా తిప్పాను. అతుకు నిలువుగా కోసినప్పుడు ప్రతి చుట్టుకూ టక్కుమనేది, ఏటవాలుగా కోశాక తగ్గింది.

వినిపించే ధ్వనిలో కొంత మళ్లీ రికార్డ్ హెడ్‌కు పంపితే రెండో మోత, మూడో మోత వస్తాయి. మైకు ముందు గజ్జెలు ఆడించి చూశాను. మొదటిసారి గజ్జెలే. తిరిగి ఎక్కిన కొద్దీ సన్నని గలగల అరిగిపోయి, నాలుగైదు సార్లకు దూరాన ఎవరో మెత్తగా తట్టినట్టయింది.

‘ప్రతి’ అనగానే తెలుగువాడికి నకలు గుర్తొస్తుంది. ఇక్కడ వచ్చేది నకలు కాదు. ‘మారు’లో మళ్లీ అన్న అర్థం ఉంది (మారు వడ్డించడం), బదులు ఉంది (మారుమాట), మారడమూ ఉంది. మూడూ ఆ టేపు మీద జరుగుతున్నాయి.

స్పందన: బాగుందండీ. కానీ ‘పేరు మారుమోగింది’ అంటే ఊరంతా వ్యాపించిందని కదా? ఎకో స్ఫురించదేమో.

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. ‘మాఱుమ్రోత’ అని శకటరేఫతో (ఱ) రాసిన పాత రూపానికి అర్థం ప్రతిధ్వనే. పైగా మీరన్న అర్థమూ ఈ యంత్రంలో కనబడుతుంది. తిరిగి పంపే భాగం కాస్త ఎక్కువైతే, మైకు తీసేసినా ధ్వని తనను తానే పెంచుకుంటూ గది నిండిపోతుంది. ఒకరన్న మాట పదిమంది నోళ్లలో పడి పెరగడం కూడా ఇలాగే కదండీ. భౌతికశాస్త్ర పాఠాల్లో ప్రతిధ్వని ఉండనివ్వండి. అనునాదం (రెజొనెన్స్) వేరే సంగతి, దాన్ని ఇందులో కలపవద్దు.

రీలు టేపులతో పనిచేసినవారు ఇక్కడ ఉంటే, ఇలా అతికిన చుట్టును మీరు ఏమనేవారో చెప్పండి. దానికీ మాట కావాలి.